యాంటీబాడీలు లేని పురుగు రక్తకణం శత్రువును ఎలా పసిగడుతుంది?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైన తీరు చెబుతాను. మైనపు పురుగు (ఒక రకం చిమ్మట) లార్వాలకు స్టాఫిలోకాకస్ బ్యాక్టీరియా (పొట్టిగా స్టాఫ్) ఇంజెక్ట్ చేశారు. గంట తర్వాత రక్తం తీసి మైక్రోస్కోప్ కింద పెడితే కణాల లోపల బ్యాక్టీరియా కనిపించింది. మర్నాటికి కొన్ని లార్వాలు నల్లబడ్డాయి, కొన్ని మామూలుగానే ఉన్నాయి. మామూలుగా ఉన్నవాటిలో కూడా రక్తకణాల లెక్క సగానికి పడిపోయింది. మీరు అడిగినవి మూడు. యాంటీబాడీలే లేని పురుగులో ఆ కణం దేన్ని చూసి ఇది పరాయిదని గుర్తుపట్టింది? బ్యాక్టీరియాను అసలు చంపేది కణాలా, పెప్టైడ్‌లా (రక్తంలోకి వచ్చి సూక్ష్మజీవులను చంపే చిన్న ప్రొటీన్లు)? పడిపోయిన లెక్కలోని కణాలన్నీ చచ్చిపోయినట్టేనా?

కీటకాల రక్తకణాలతో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, మీ టెన్షన్ అంతా దాని గురించే ఉన్నట్టుంది.

లెక్క తగ్గిందంటే కణాలు చచ్చిపోయాయని అర్థం కాదు. బ్యాక్టీరియా కొద్దిగా ఉంటే కణాలు వాటిని ఒక్కొక్కటిగా మింగేస్తాయి. ఎక్కువ మోతాదు పడినప్పుడు మింగడం ఒక్కటే సరిపోదు. అప్పుడు గ్రాన్యులోసైట్లు అనే రకం రక్తకణాలు తమ రేణువుల్లో దాచుకున్న జిగురు లాంటి పదార్థాన్ని బయటికి వదులుతాయి. బ్యాక్టీరియా అందులో చిక్కుకుంటుంది. దాని మీద ప్లాస్మాటోసైట్లు అనే ఇంకో రకం రక్తకణాలు వచ్చి చదునుగా పరుచుకుని పొరలు పొరలుగా అతుక్కుంటాయి. ఇలా ఏర్పడిన చిన్న గడ్డలనే నాడ్యూల్స్ అంటారు. అవి కొవ్వు దేహం (పురుగుకు మన కాలేయం లాంటి అవయవం) మీదా, ఇతర లోపలి అవయవాల మీదా అంటుకుని ఉండిపోతాయి. మీరు గుచ్చి తీసిన చుక్కలోకి రావు. ఆ చుక్కలో ఉన్నవి ఇంకా తిరుగుతున్న కణాలు మాత్రమే. ఒక లార్వాను నిలువునా కోసి, పేగు పక్కకు తీసి, తక్కువ మాగ్నిఫికేషన్‌లో చూడండి. గోధుమ రంగు నుంచి నలుపు దాకా చిన్న చిన్న చుక్కలు కనిపిస్తే మీ కణాలు అక్కడ ఉన్నట్టే. చచ్చినవెన్నో తెలియాలంటే చచ్చిన కణాలకే ఎక్కే ట్రిపాన్ బ్లూ అనే రంగు వేసి విడిగా లెక్కపెట్టాలి.

నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఇదే పొరపాటు చేశాను. లెక్క పడిపోయిన ప్రతిసారీ బ్యాక్టీరియా విషమే కణాలను చంపేసిందని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. లార్వాను కోసి చూసిన రోజు ఆ పేజీలన్నీ తిరగరాయాల్సి వచ్చింది.

ఇక అసలు విషయం, గుర్తుపట్టడం. కణం బ్యాక్టీరియాను మొత్తంగా చూసి ఇది స్టాఫ్, ఇది ఈకోలై అని పోల్చుకోదు. దాని ఒంటి మీద ఉన్న కొన్ని అణువులను మాత్రమే తడిమి చూస్తుంది. బ్యాక్టీరియా కణకవచంలో ఉండే పెప్టిడోగ్లైకాన్, శిలీంధ్రాల కవచంలో ఉండే బీటా-1,3-గ్లూకాన్ అలాంటివి. కీటకం తన ఒంట్లో వీటిని తయారు చేసుకోదు. సూక్ష్మజీవులకు మాత్రం ఇవి ప్రాణాధారం, సులభంగా వదిలించుకోలేవు. అందుకే కోట్ల ఏళ్లుగా కీటకాలు ఈ గుర్తులనే నమ్ముకున్నాయి. మనకు ప్రతి కొత్త శత్రువుకూ కొత్త యాంటీబాడీ తయారవుతుంది. పురుగు పుట్టుకతో వచ్చిన కొద్దిపాటి గ్రాహకాలతోనే (ఈ గుర్తులను పట్టుకునే ప్రొటీన్లు) మొత్తం నెట్టుకొస్తుంది.

ఆ గ్రాహకాల్లో ముఖ్యమైన ఒక కుటుంబం మొదట దొరికింది పట్టుపురుగు రక్తంలోనే, 1996లో. పెప్టిడోగ్లైకాన్‌ను గుర్తించే ప్రొటీన్ అని దానికి పేరు పెట్టారు, పొట్టిగా పీజీఆర్‌పీ. తర్వాత ఇవి పండు ఈగలోనూ, దోమలోనూ, మనుషుల్లోనూ దొరికాయి. వీటి పనితనం చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. పెప్టిడోగ్లైకాన్‌లో చక్కెర గొలుసులకు వేలాడే చిన్న పెప్టైడ్ తోక ఒకటి ఉంటుంది. అందులో మూడో స్థానంలో ఏ అమైనో ఆమ్లం ఉందన్నదే ఇక్కడ కీలకం. గ్రామ్ అనే రంగు పరీక్షను బట్టి బ్యాక్టీరియాను పాజిటివ్, నెగటివ్ అని రెండు గుంపులు చేస్తారు. స్టాఫ్ లాంటి చాలా గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియాల్లో అక్కడ లైసిన్ ఉంటుంది. ఈకోలై లాంటి గ్రామ్ నెగటివ్ వాటిలో, బాసిల్లస్ జాతుల్లో డయామినోపిమెలిక్ ఆమ్లం ఉంటుంది, దాన్ని డాప్ అంటాం. రెండింటికీ తేడా ఒక్క కార్బాక్సిల్ గుంపు. ఆ చిన్న తేడాను పట్టుకుని ఈగ రెండు వేర్వేరు దారుల్లో హెచ్చరిక పంపుతుంది. లైసిన్ రకమైతే టోల్ మార్గం, డాప్ రకమైతే ఐఎమ్‌డీ మార్గం. మీరు వాడింది స్టాఫ్ కాబట్టి మొదటిదే మీకు వర్తిస్తుంది. ఈ రెండు దారుల వివరం పండు ఈగలో తేలినంత స్పష్టంగా మైనపు పురుగులో తేలలేదు. స్థూలంగా అదే పద్ధతి అనుకోవచ్చు.

టోల్ గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఈ జన్యువు మొదట బయటపడింది రోగనిరోధక శక్తి కోసం వెతికితే కాదు. ఈగ పిండంలో వీపు ఏది, పొట్ట ఏది అని నిర్ణయించే జన్యువుగా దొరికింది. 1996లో స్ట్రాస్‌బర్గ్‌లో జూల్ హాఫ్‌మన్ బృందం, బ్రూనో లెమెట్ర్ ముందుండి, టోల్ మార్గం దెబ్బతిన్న ఈగలకు ఆస్పర్‌జిల్లస్ శిలీంధ్రం సోకేలా చేసి చూసింది. ఆ ఈగలు బూజు తీగలతో కప్పుకుపోయి చచ్చిపోయాయి. 2011లో హాఫ్‌మన్‌కు నోబెల్ రావడానికి మూలం ఈ పనే. అయితే చాలామంది విద్యార్థులు ఇక్కడ తడబడతారు. మనుషుల్లోని టోల్ తరహా గ్రాహకాలు సూక్ష్మజీవి అణువులతో నేరుగా పనిచేస్తాయి. ఈగలోని టోల్ సూక్ష్మజీవిని అసలు ముట్టుకోదు. రక్తంలో తేలే పీజీఆర్‌పీ-ఎస్ఏ లాంటివి ముందు గుర్తుపడతాయి. దాంతో ప్రొటియేజ్‌లు (ప్రొటీన్లను కోసే ఎంజైమ్‌లు) గొలుసుకట్టుగా ఒకదాన్నొకటి తట్టిలేపుతాయి. చివరి ఎంజైమ్ స్పెట్జ్లె అనే ప్రొటీన్‌ను కోస్తుంది. కోసిన ఆ ముక్క వెళ్లి టోల్‌కు అతుక్కుంటుంది. అంటే ఈగలో టోల్‌కు అందేది కబురు మాత్రమే. పరీక్షల్లో ఈ తేడా రాయనివాళ్లే ఎక్కువ.

ఈ గొలుసుకు ఇంకో ముఖద్వారం కూడా ఉంది. పర్సెఫనీ అనే ప్రొటియేజ్‌ను శిలీంధ్రాలూ, కొన్ని బ్యాక్టీరియాలూ వదిలే ఎంజైమ్‌లే కోసేస్తాయి. అలా కోసుకుపోవడమే ప్రమాద సంకేతం. శత్రువు ఎలా ఉన్నాడో చూడటం ఒక పద్ధతి, ఏం చేస్తున్నాడో చూడటం ఇంకో పద్ధతి. పురుగు రెండూ చేస్తుంది.

ఇప్పుడు మీరు మైక్రోస్కోప్‌లో చూసిన కణం దగ్గరికి వద్దాం. అది బ్యాక్టీరియాను రెండు రకాలుగా పట్టుకోగలదు. ఒకటి, తన పొర మీది గ్రాహకాలతో నేరుగా. పండు ఈగలో ఈటర్, నిమ్‌సీ1 అనే రెండు గ్రాహకాలు ఈ పని చేస్తాయి. ఈ రెండూ లేని ఈగల్లో కణాలు బ్యాక్టీరియాను మింగడం దాదాపు ఆగిపోతుంది. రెండోది, రక్తంలోని ప్రొటీన్ ముందు బ్యాక్టీరియాకు అంటుకుని గుర్తు వేస్తే, ఆ గుర్తును బట్టి కణం పట్టుకోవడం. అలాంటి ప్రొటీన్లలో లెక్టిన్‌లు చక్కెర అణువులకు అంటుకుంటాయి. మీ మైనపు పురుగులో అపోలిపోఫోరిన్-3 అనే ప్రొటీన్ ఉంది. మామూలు రోజుల్లో అది కొవ్వులను మోస్తుంది. సూక్ష్మజీవి వచ్చినప్పుడు బ్యాక్టీరియా పొరల్లోని కొవ్వు చక్కెరలకూ, శిలీంధ్రాల గ్లూకాన్‌కూ అంటుకుని మింగే పనిని పెంచుతుంది. మలేరియా దోమలో టెప్1 అనే ప్రొటీన్ ఉంటుంది, మన రక్తంలో సూక్ష్మజీవులకు అంటుకునే కాంప్లిమెంట్ సీ3 అనే ప్రొటీన్‌కు దూరపు చుట్టం. అది మలేరియా పరాన్నజీవి మీద అతుక్కుంటే ఆ పరాన్నజీవికి చావు దాదాపు ఖాయమే.

అయితే ఒక చిక్కు ఉంది. రక్తకణాలకు లేటెక్స్ పూసలు ఇచ్చినా మింగేస్తాయి. ఆ పూసల మీద పెప్టిడోగ్లైకాన్ లేదు, గ్లూకాన్ లేదు. కాబట్టి సూక్ష్మజీవి గుర్తులు చూడటంతోనే కథ అయిపోదు. నా అభిప్రాయంలో సగం విషయం ఇక్కడే ఉంది: కణం శత్రువును వెతకడంతో పాటు తనవాళ్ల గుర్తు ఉందా లేదా అని కూడా చూస్తుంది. పురుగు లోపలి అవయవాలన్నింటి మీదా బేస్‌మెంట్ పొర అనే పలుచటి తొడుగు ఉంటుంది. పండు ఈగ లార్వాలో ఆ తొడుగు దెబ్బతింటే రక్తకణాలు సొంత కణజాలాన్నే చుట్టుముట్టి నల్లగా మార్చేస్తాయి. పరాన్నజీవి కందిరీగ లార్వాలో గుడ్డు పెట్టినప్పుడు జరిగేదీ ఇలాంటిదే. మింగలేనంత పెద్ద వస్తువు అది. అప్పుడు ఈగ లార్వాలో మామూలుగా దాదాపు కనిపించని లామెల్లోసైట్లు అనే పెద్ద చదును కణాలు పుట్టుకొచ్చి ఆ గుడ్డు చుట్టూ గూడు కడతాయి. చిమ్మటల్లో ఈ గూడు కట్టే పని ఎక్కువగా ప్లాస్మాటోసైట్లది. వాటిని తేలియాడే స్థితి నుంచి అతుక్కునే స్థితికి మార్చే పెప్టైడ్ ఒకటి 1997లో ఒక చిమ్మటలో దొరికింది. దాని పొడవు 23 అమైనో ఆమ్లాలే.

చంపేది కణాలా, పెప్టైడ్‌లా అన్న ప్రశ్నకు గడియారం చూసి జవాబు చెప్పాలి. 1980 ప్రాంతంలో స్వీడన్‌లో హన్స్ బోమన్ బృందం సెక్రోపియా చిమ్మట ప్యూపాలకు బ్యాక్టీరియా ఇంజెక్ట్ చేసి, ఆ తర్వాత రక్తంలో పుట్టిన సెక్రోపిన్‌లను వేరు చేసింది. అప్పటి నుంచి అందరి దృష్టీ పెప్టైడ్‌ల మీదే పడింది. అవి అద్భుతమైనవే, సందేహం లేదు. కానీ కొవ్వు దేహం కబురు అందుకుని, జన్యువులను నడిపి, పెప్టైడ్‌లు తయారు చేసి, రక్తం నిండా పోయడానికి గంటలు పడుతుంది. బ్యాక్టీరియా అరగంటకోసారి రెట్టింపవుతూ ఉంటే అన్ని గంటలు ఆగితే ఇక మిగిలేది ఏముంటుంది? 2008లో మీల్‌వర్మ్ పురుగుల్లో స్టాఫ్ తోనే చేసిన ప్రయోగం ఈ సంగతి తేల్చింది. ఇంజెక్ట్ చేసిన బ్యాక్టీరియాలో 99 శాతానికి పైగా తొలి గంటలోనే మాయమైంది, రక్తంలో పెప్టైడ్‌ల పని ఇంకా మొదలుకాకముందే. పెప్టైడ్‌లు ఆ తర్వాత వచ్చి, తప్పించుకుని మిగిలిన కొద్ది బ్యాక్టీరియా మళ్లీ తలెత్తకుండా రోజుల తరబడి కాపలా కాశాయి.

కాబట్టి మీరు గంట దగ్గర చూసింది యుద్ధంలో ప్రధాన ఘట్టమే. కణం కాళ్లలా సాచిన తన పొరతో బ్యాక్టీరియాను చుట్టి, చిన్న సంచీలో మూసి లోపలికి లాక్కుంటుంది. ఆ సంచీ లోపల ఆమ్లత్వం పెరుగుతుంది, మింగినదాన్ని అరిగించే లైసోజోమ్ ఎంజైమ్‌లు వచ్చి కలుస్తాయి, చురుకైన ఆక్సిజన్ అణువులు విడుదలవుతాయి. మన రక్తంలోని న్యూట్రోఫిల్ అనే తెల్లకణం చేసేదీ చాలావరకు ఇదే. దోమల్లో ఇంకో అందమైన ఏర్పాటు ఉంది. ఇన్ఫెక్షన్ రాగానే రక్తకణాలు గుండె గొట్టానికి ఉన్న చిన్న రంధ్రాల దగ్గరికి చేరి అక్కడే కూర్చుంటాయి. రక్తం అంతా ఆ రంధ్రాల గుండానే గుండెలోకి పోవాలి కదా, దాంతో వచ్చే బ్యాక్టీరియా వాటికి అందుబాటులోకి వస్తుంది.

అన్ని పెప్టైడ్‌లూ అన్నింటి మీదా పనిచేస్తాయని కూడా అనుకోకండి. 2019లో పండు ఈగలో పెప్టైడ్ జన్యువులను విడివిడిగా, గుంపులుగా తొలగించి చూశారు. గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా, శిలీంధ్రాల విషయంలో పెప్టైడ్‌లు లేని ఈగలు బాగా దెబ్బతిన్నాయి. గ్రామ్ పాజిటివ్ విషయంలో అంత తేడా రాలేదు. ప్రావిడెన్సియా రెట్‌గెరి అనే బ్యాక్టీరియాకు ఎదురు నిలిచేది దాదాపు డిప్టెరిసిన్ అనే పెప్టైడ్ ఒక్కటే. మీరు స్టాఫ్ వాడారు కాబట్టి కణాల వైపే ఎక్కువ శ్రద్ధ పెట్టమని నా సలహా.

నల్లబడటం సంగతి. చిమ్మటల్లో ఈనోసైటాయిడ్లు అనే రక్తకణాలు, పండు ఈగలో క్రిస్టల్ కణాలు ప్రోఫినాలాక్సిడేజ్ అనే ఎంజైమ్‌ను నిద్రావస్థలో దాచుకుంటాయి. ప్రమాదం రాగానే అవి పగిలి దాన్ని బయటికి వదులుతాయి. ప్రొటియేజ్‌ల గొలుసు దాన్ని నిద్రలేపుతుంది. అది ఫినాల్స్‌ను క్వినోన్‌లుగా మారుస్తుంది, అవి చివరికి మెలనిన్ అవుతాయి. నలుపు రంగు చివర మిగిలే ఆనవాలు. చంపే పనిలో ముఖ్య పాత్ర మధ్యలో పుట్టే క్వినోన్‌లది, ఆక్సిజన్ రాడికల్స్‌ది. ఇవి పురుగు సొంత కణాలకు కూడా విషమే కాబట్టి సెర్పిన్‌లు అనే ప్రొటీన్లు ఆ గొలుసుకు పగ్గాలు వేసి పట్టుకుంటాయి. లార్వా ఒళ్లంతా నల్లబడిందంటే పగ్గాలు తెగిపోయాయన్నమాట. అది సాధారణంగా చావుకు ముందు మెట్టు. సూది గుచ్చిన చోట మాత్రమే నల్లటి మచ్చ ఉంటే గాయం మానుతున్న గుర్తు. మీ పట్టికలో ఈ రెండింటినీ ఒకే గడిలో వేయకండి.

శత్రువు కూడా చేతులు కట్టుకుని కూర్చోదు. మెటారైజియం శిలీంధ్రం పురుగు రక్తంలోకి దిగగానే కొలాజన్ లాంటి ప్రొటీన్ ఒకటి తన మీద కప్పుకుంటుంది. దాని కింద గ్లూకాన్ దాగిపోతుంది, రక్తకణం పక్కనే ఉన్నా పట్టుకోలేదు. జీనోరాబ్డస్ బ్యాక్టీరియా ఐకోసనాయిడ్‌ల తయారీని ఆపేస్తుంది. నాడ్యూల్స్ కట్టమని కణాలకు కబురు పంపేది ఆ ఐకోసనాయిడ్‌లే. దాని బంధువు ఫోటోరాబ్డస్ రక్తకణాలను నేరుగా చంపే విషం తయారు చేస్తుంది. ఆ విషం పడిన గొంగళిపురుగు బిగువంతా పోయి మెత్తగా వేలాడిపోతుంది, దాని పేరులోనే ఆ లక్షణాన్ని పెట్టారు. ఈ తప్పించుకునే ఎత్తులే మనకు మంచి పాఠాలు. శత్రువు దేన్ని దాస్తోందో చూస్తే, పురుగు దేన్ని వెతుకుతోందో తెలుస్తుంది.

ఇంకో సంగతి, మీరు అడగకపోయినా చెప్పాలి. పండు ఈగలోని డిస్‌క్యామ్ అనే జన్యువు నుంచి ఎక్సాన్‌లను (జన్యువులోని ముక్కలను) రకరకాలుగా కలిపి 38,000కు పైగా ప్రొటీన్ రూపాలు తయారుకాగలవు. అవి రక్తకణాల్లోనూ ఉంటాయి. దీన్ని కీటకాల యాంటీబాడీ అని కొన్నిచోట్ల రాస్తున్నారు. నేను ఒప్పుకోను. యాంటీబాడీ అంటే సరిపోయినదాన్ని ఎంచుకుని, ఆ కణాన్ని పెంచి, గుర్తుపెట్టుకోవడం. ఆ ఎంపిక, ఆ పెంపకం డిస్‌క్యామ్‌లో రుజువు కాలేదు. జ్ఞాపకం లాంటిది కీటకాల్లో అసలు లేదని మాత్రం అనను. 2007లో పండు ఈగలకు చచ్చిన న్యూమోకాకస్ (న్యుమోనియా తెచ్చే బ్యాక్టీరియా) ముందుగా ఇస్తే తర్వాత బతికున్న న్యూమోకాకస్‌ను అవి తట్టుకున్నాయి. ఆ రక్షణకు మింగే కణాలు తప్పనిసరి అయ్యాయి. 2010లో మలేరియా దోమల్లోనూ ఇలాంటిదే చూపించారు, అక్కడ గ్రాన్యులోసైట్ల సంఖ్యే పెరిగింది. ఇది యాంటీబాడీ తరహా జ్ఞాపకం కాదు. కణాలు మరింత సిద్ధంగా ఉండే స్థితి.

ఈ కారణంగానే మీ కంట్రోల్ గుంపు గురించి అడగాలి. మీ వివరాల్లో ఇంజెక్ట్ చేయని లార్వాలు మాత్రమే కంట్రోల్‌గా కనిపించాయి. ఉత్తి సూదిపోటు కూడా మైనపు పురుగు నిరోధక శక్తిని లేపుతుంది. పట్టుకుని అటూ ఇటూ ఊపినా కొంత లేపుతుంది. కాబట్టి అంతే పరిమాణంలో ఉత్తి బఫర్ (బ్యాక్టీరియా లేని ద్రావణం) ఇంజెక్ట్ చేసిన గుంపు తప్పక ఉండాలి. రక్తాన్ని ఐస్ మీద ఉంచిన ట్యూబులోకి తీయండి, అందులో ముందే కొద్దిగా ఫినైల్‌థయోయూరియా వేసుకోండి, లేకపోతే నిమిషాల్లో నల్లబడి కణాలు గుంపులు కడతాయి. ఇంకోటి, కణం లోపల ఉన్నట్టు కనిపించే బ్యాక్టీరియా నిజంగా లోపలే ఉందా, పైన అతుక్కుని ఉందా అన్నది మామూలు కాంతిలో తేలదు. ఫ్లోరెసీన్ రంగు ఎక్కించిన బ్యాక్టీరియా వాడి, చివర్లో ట్రిపాన్ బ్లూ కలపండి. బయట ఉన్నవాటి వెలుగు ఆరిపోతుంది, లోపలివి మాత్రమే మెరుస్తాయి.

మీకు వీలైతే ఒక ప్రయోగం చేయమంటాను. ఒక గుంపు లార్వాలకు ముందు రోజు లేటెక్స్ పూసలు ఇంజెక్ట్ చేయండి. కణాలు వాటితో కడుపు నింపుకుంటాయి, ఇక మింగే చోటు ఉండదు. ఇంకో గుంపుకు ఉత్తి బఫర్. మర్నాడు రెండు గుంపులకూ ఒకే మోతాదు స్టాఫ్ ఇవ్వండి. అరగంట, గంట, ఆరు గంటలు, 24 గంటల దగ్గర కొన్ని లార్వాలను నలిపి, పలుచన చేసి ప్లేట్ల మీద పరిచి కాలనీలు లెక్కపెట్టండి. పూసలు తిన్న గుంపులో మొదటి గంటలో కాలనీలు తగ్గకపోతే, మీ రెండో ప్రశ్నకు జవాబు మీ ప్లేట్ల మీదే ఉంటుంది. ఆ అంకెలు వచ్చాక ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.